లెక్కకి రాని సైకిళ్ళు

కోస్తా వెంబడి ఐదు రోజులు ఒంటరిగా సైకిలు మీద వెళ్ళొచ్చానంటే ఆఫీసులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "సముద్రం పక్కన తొక్కుతుంటే భలే ఉండుంటుంది కదా?" అని. లేదండీ బాబూ. కాకినాడ దాటాక ఒంగోలు దాకా రోడ్డు మీంచి నాకు సముద్రం ఒక్కసారి కూడా కనపడలేదు. చూడాలనిపించినప్పుడల్లా రోడ్డు వదిలేసి పక్కకి కొన్ని కిలోమీటర్లు పోవాల్సిందే. 216 నంబరు జాతీయ రహదారిని (2010లో నంబర్లు మార్చకముందు 214, 214ఏ అనేవారు) తీర రహదారి అంటారు గానీ అది నిజానికి డెల్టా రహదారి. కత్తిపూడి దగ్గర పెద్ద హైవే నుంచి విడిపోయి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, అవనిగడ్డ, రేపల్లె, బాపట్ల, చీరాల అన్నీ తిరిగి ఒంగోలు దగ్గర మళ్ళీ అందులోనే కలుస్తుంది. దారంతా కాలవలు, వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. ఎత్తూ పల్లం అంటే వారధులే. సైకిలుకి గేర్లున్నాయన్న మాటేగానీ వారధి ఎక్కేటప్పుడు తప్ప వాటితో పని పడలేదు.

నేను కాకినాడ నుంచి మొదలుపెట్టాను. పక్కదార్లతో కలిపి మూడొందల యాభై కిలోమీటర్ల దాకా అయ్యింది. జనవరిలో, సంక్రాంతి రద్దీ తగ్గాక. ఇది యాత్రా విశేషాల కోసం రాస్తున్నది కాదు. బందరు లడ్డూ గురించి, యానాంలో ఫ్రెంచివాళ్ళు 1954 దాకా ఉండటం గురించి నాకన్నా బాగా రాసినవాళ్ళున్నారు. నన్ను ఐదు రోజులూ తొలిచిన విషయం ఇంకొకటి: ఈ రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళు ఎవరు, వాళ్ళు ఎటు పోతున్నారు అని.

ఒంటరిగా ఎందుకు వెళ్ళావంటే దానికీ ఇదే జవాబు. హెల్మెట్లు, బిగుతు బట్టలు వేసుకుని పదిమంది గుంపుగా వెళితే ఊళ్ళోవాళ్ళు చోద్యం చూసి ఊరుకుంటారు. ఒక్కడే వెళితే పలకరిస్తారు. ముమ్మిడివరం దగ్గర టీ కొట్టాయన, "ఎక్కడ్నుంచండీ?" అన్నాడు. కాకినాడ నుంచి అన్నాను. "సైకిలు మీదేనాండీ? ఎందాకా?" ఒంగోలు అన్నాను. ఒక నిమిషం ఆలోచించి, గొంతు తగ్గించి, "ఏవన్నా మొక్కాండీ?" అన్నాడు. ఇదే ప్రశ్న దారిలో ఇంకో ఇద్దరు అడిగారు. ఉద్యోగం ఉన్నవాడు, బండి కొనుక్కోగలిగినవాడు సైకిలు తొక్కాలంటే మొక్కు తప్ప వేరే కారణం ఉండదని వాళ్ళ లెక్క. నిజం చెప్పాలంటే ఫిట్‌నెస్ అని చెప్పడం కంటే మొక్కు అనడమే తేలిగ్గా ఉంది :)

ఎనభై మీద కారులో వెళితే ఈ రోడ్డు మీద మనకి లారీలు, బస్సులు, ఆటోలు, ద్విచక్ర వాహనాలు కనపడతాయి. సైకిళ్ళు కనపడవు. అంటే కంటికి కనపడవని కాదు, తప్పించుకోవాల్సిన వస్తువుల్లో ఒకటిగా దాటిపోతాం. గంటకి పదహారు కిలోమీటర్ల మీద వెళ్ళేవాడికి వాళ్ళు మనుషుల్లా కనపడతారు. ఎందుకంటే దాటడానికి చాలాసేపు పడుతుంది, అప్పుడప్పుడూ వాళ్ళే మనల్ని దాటేస్తారు కూడా. వెనకాల గడ్డిమోపు కట్టుకున్న ఒకాయన, ముందు వెలగలేసిన డబ్బా సైకిలు మీద, నన్ను ఏ ఆర్భాటమూ లేకుండా దాటుకుని పోయాడు.

రెండో రోజు పొద్దున అమలాపురం దాటాక ఒకచోట కూర్చుని ఎనిమిదింటి నుంచి తొమ్మిదింటి దాకా సైకిళ్ళు లెక్కపెట్టాను. ఉద్యోగం తెచ్చిన జబ్బు, దేన్ని చూసినా లాగు ఫైలు రాసుకోవాలనిపిస్తుంది. గంటలో అరవై పైచిలుకు. అందులో సగానికి పైగా యూనిఫాం వేసుకున్న పిల్లలు. మిగతావాళ్ళు దాదాపు అందరూ నడివయసు దాటినవాళ్ళు. మధ్య వయసు వాళ్ళు, అంటే మనలాంటివాళ్ళు, సున్నా.

ఇప్పుడు ఆ అరవై అంకె ఎందుకు ముఖ్యమో చెప్తాను. మన దేశంలో రోడ్లు ఎలా వెయ్యాలో ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, 1934లో పెట్టారు. సైకిలు దారుల మీద వాళ్ళు 1962లో ఒక కోడ్ తెచ్చారు, ఐఆర్‌సీ 11. విడిగా సైకిలు దారి ఎప్పుడు వెయ్యాలి? రద్దీ గంటలో సైకిళ్ళు 400 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, అదీ ఆ దారిలో మోటారు వాహనాలు గంటకి 100 నుంచి 200 మధ్య ఉన్నప్పుడు. మోటారు వాహనాలు 200 దాటితే సైకిళ్ళు 100 ఉన్నా చాలు. 1962లో ఇది సబబైన నియమమే, దాన్ని తప్పు పట్టను. అప్పుడు ఊళ్ళలో మోటారు బండి ఎవరికుంది? ఆ కోడ్‌ని తర్వాత సవరించారు కూడా. కానీ "ముందు లెక్కపెట్టు, ఉంటే ఇద్దాం" అనే ఆలోచన మాత్రం అలాగే ఉండిపోయింది. నా అరవై ఆ వందకి అందదు. కాబట్టి కాగితం మీద ఆ ఊరి పిల్లలకి దారి అవసరం లేదు.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ రోగం బాగా తెలుసు. ఒకప్పుడు కొన్ని సైట్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో తప్ప తెరుచుకునేవి కాదు. ఫైర్‌ఫాక్సులో కూడా పనిచేసేలా చెయ్యండి మహాప్రభో అంటే, మా గణాంకాల్లో ఫైర్‌ఫాక్సు వాడుకరులు రెండు శాతం కూడా లేరు, వాళ్ళకోసం ఖర్చు దేనికి అనేవారు. తెరుచుకోని సైటుకి వాడుకరులు ఎలా వస్తారు? రోడ్డు మీద సైకిలు వాడిని బతకనీయకుండా చేసి, తర్వాత లెక్కపెట్టి, సైకిళ్ళు లేవు కదా అనడం అచ్చం అలాంటిదే. తేడా ఏంటంటే, సైటు తెరుచుకోకపోతే ఎవరూ చావరు.

కోనసీమలో ఒక వారధి మొదట్లో నీళ్ళు తాగుదామని ఆగాను. రోడ్డు మీద నేను చూసినంతలో ఎక్కువ భాగం రెండు వరసలు, పక్కన మీటరున్నర తారు అంచు. ఇంజినీర్లు పేవ్డ్ షోల్డర్ అంటారు. సైకిలు వాడికి దిక్కు అదొక్కటే. వారధి రాగానే ఆ అంచు కాస్తా మాయం. యూనిఫాంలో ఆడపిల్లలు ఐదుగురు వరసగా వచ్చి, వారధి మొదట్లో టక్కున దిగి, రెయిలింగుకి ఆనుకుని సైకిళ్ళు నడిపించుకుంటూ బయల్దేరారు.

"ఎందుకమ్మా దిగారు?" అన్నాను.

"లారీ ఎల్తే గాలికి సైకిలు ఊగిపోద్దండి. దిగి నడిచెళ్ళమని మా మేస్టారు చెప్పారండి."

వెనకాల ఉన్న పిల్ల నా సైకిలు, నా హెల్మెట్టు ఎగాదిగా చూసి, "మీరూ దిగెళ్ళండి, పర్లేదు" అంది. దిగాను. వెనకే నడిచాను. ఎదురెదురుగా రెండు లారీలు ఒకేసారి వచ్చినప్పుడు ఐదుగురూ అలవాటైన పనిలా సైకిళ్ళని రెయిలింగుకి నొక్కి పెట్టి నిలబడ్డారు, అవి పోయాక మళ్ళీ కదిలారు. కబుర్లు ఆపలేదు. నది దాటడానికి తొక్కితే నాలుగైదు నిమిషాలు పట్టేది, నడిచేసరికి పదిహేను పట్టింది. రోజుకి రెండుసార్లు. ఆ మేస్టారు చెప్పింది సరైన జాగ్రత్తే. ఆయన చేతిలో ఉన్నది అంతే మరి.

ఈ మాట నా స్నేహితుడితో అంటే, "మీ సాఫ్ట్‌వేరోళ్ళకి పేదరికం మీద మోజు. ఊళ్ళో వాళ్ళు సైకిలు వదిలేసి బండెక్కితే అది అభివృద్ధి. నువ్వు లక్ష పెట్టి సైకిలు కొని వాళ్ళని సైకిలు తొక్కమంటావా?" అన్నాడు. (లక్ష కాదు, అందులో సగం కూడా కాదు. అయినా వాదనలో అలా పెంచేస్తాడు వాడు.) మాట మాత్రం సబబైనది, దాటేయడానికి లేదు. చేపల గంప సైకిలు మీద పెట్టుకుని ఇరవై కిలోమీటర్లు తొక్కిన మనిషి ఇవాళ టీవీఎస్ ఎక్సెల్ మీద పోతుంటే అతని మోకాళ్ళు బాగుపడ్డాయని సంతోషించాలి. 2020లో, జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ సైకిళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. నాన్నగారి తరం వాళ్ళకి అది బాధ కలిగించే వార్త కావచ్చు, గడ్డిమోపు మోసేవాడికి కాదు. బండి కొనుక్కోగలిగినవాడిని సైకిలు ఎక్కించాలని నా వాదన కాదు.

బండి ఎక్కడానికి వీల్లేనివాళ్ళ సంగతి ఏంటన్నదే ప్రశ్న. మోటారు వాహనాల చట్టం ప్రకారం 50 సీసీ లోపు గేరులేని బండికి పదహారేళ్ళు, మిగతావాటికి పద్దెనిమిది నిండాలి. మైనరు పిల్లలు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకి పాతికవేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని 2019లో చట్టాన్ని సవరించారు. మంచిదే. కానీ దాని అర్థం, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు సొంతంగా నడుపుకోగలిగిన వాహనం చట్టప్రకారం సైకిలు ఒక్కటే అని. చట్టమేమో బండెక్కొద్దంటుంది, రోడ్డేమో సైకిలు దిగిపొమ్మంటుంది. మిగిలింది పద్నాలుగు మందిని కుక్కే షేరాటో.

ప్రభుత్వాలకి సైకిలు విలువ తెలియక కాదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించి 2017లో ఒక పత్రం ప్రచురించారు. ఆ పథకం వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, ఆడ మగ పిల్లల మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఫలితం ఎక్కువ. మన దగ్గర కూడా 2017 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'బడికొస్తా' అని హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళు పంచింది. అంటే సైకిలు కొనివ్వడానికి డబ్బు దొరికింది. ఆ సైకిలు నడవడానికి వారధి మీద మీటరు జాగా మాత్రం దొరకలేదు. హార్డ్‌వేరు కొని డ్రైవరు ఇన్‌స్టాల్ చెయ్యనట్టుంది.

జాగా దొరకకపోవడం కూడా నిజం కాదులెండి. హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్లు. నేనూ శనివారాలు తొక్కుతాను, చాలా బాగుంటుంది. అక్కడికి మనలో చాలామంది సైకిలుని కారు వెనక తగిలించుకుని వెళతాం, తొక్కి, మళ్ళీ కారెక్కించుకుని వస్తాం. ఎండ తగలకుండా కప్పు మనకి. లారీ గాలికి ఊగిపోయే రెయిలింగు పక్క జాగా ఆ పిల్లలకి. దాన్ని కట్టినవాళ్ళని తిట్టను. కానీ దాన్ని ఏ ట్రాఫిక్కు లెక్క చూసి కట్టారు? కట్టకముందు అక్కడ గంటకి వంద సైకిళ్ళు వెళ్ళాయా? లేదు కదా. ముందు కట్టారు, తర్వాత మనం వచ్చాం. మరి అక్కడ పనికొచ్చిన తర్కం రాజోలులో ఎందుకు పనికిరాదు?

ఇహ నాలుగో రోజు దివిసీమలో తారసపడిన పెద్దాయన సంగతి. మోపిదేవి దాటాక టిఫిను చేస్తుంటే పక్కన కూర్చున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. ఆయన సైకిలు బయట చెట్టుకి ఆనించి ఉంది, మడ్‌గార్డు మీద రంగు ఆనవాలు కూడా లేదు. ఎప్పుడు కొన్నారు తాతా అంటే, "ఉప్పెనకి ముందు ఏడు" అన్నాడు. ఆ ప్రాంతంలో కాలాన్ని అలాగే కొలుస్తారు, 1977 నవంబరు 19కి ముందు, తర్వాత అని. పదివేల మందికి పైగా పోయిన ఉప్పెన అది. "బురదలో కూరుకుపోతే తవ్వి తీశా అబ్బాయ్. చైను మార్చి, చక్రాలు బిగించుకుంటే మళ్ళీ నడిచింది."

ఇప్పుడు ఎంత దూరం తొక్కుతారు అని అడిగాను.

"రోజూ పొలానికి పోయొస్తా. నాలుగు మైళ్ళు."

"ఈ హైవే మీదేనా?"

"పెద్ద రోడ్డెక్కి మూడేళ్ళయింది. గట్టు మీంచి పోతా, చుట్టూ తిరిగి. నాలాంటోళ్ళు అందరూ గట్టు మీదే."

గట్టు అంటే కాలవ గట్టు. టిఫిను అయ్యాక ఆయన వెనకే ఆ గట్టు మీద కాస్త దూరం తొక్కాను. ఎర్రమట్టి దారి, ఒక పక్క నీళ్ళు, రెండో పక్క చేలు, నీడ. ఆ కాస్త దూరంలో మా ఎదురు ఎనిమిది సైకిళ్ళు వచ్చాయి. అంతకుముందు అరగంటలో హైవే మీద నాకు కనపడింది ఒక్కటి! రేపు ఎవరైనా వచ్చి హైవే పక్కన నిలబడి సైకిళ్ళు లెక్కపెడితే ఈ తాత లెక్కలోకి రాడు. ఆయన సైకిలు మానలేదు, రోడ్డు మానేశాడు. మన గణాంకాలకి ఆ రెండింటికీ తేడా తెలియదు.

మొత్తం రోడ్డు తవ్వి పక్కన సైకిలు ట్రాకు వెయ్యమని నేను అడగను, డెల్టాలో భూమి ధర నాకూ తెలుసు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలవలున్నాయి, కాలవలకి గట్లున్నాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలవల వరసని 2008లో నాలుగో నంబరు జాతీయ జలమార్గం అని కూడా ప్రకటించారు. పడవల కోసం వేల కోట్ల మాటలు విన్నాం. గట్టు మీద రెండు మీటర్ల వెడల్పున గట్టి మట్టి దిమ్మిస కొట్టి, వానాకాలంలో జారకుండా గ్రావెల్ పోసి, ట్రాక్టర్లు ఎక్కకుండా మొదట్లో రెండు రాళ్ళు పాతితే సైకిలుకి చాలు. వారధుల మీద మాత్రం గట్టు పనికిరాదు. అక్కడ పాదచారులకీ సైకిళ్ళకీ మీటరున్నర గట్టి జాగా, మధ్యలో దిమ్మెలు, ఇది కొత్త వారధి కట్టేటప్పుడే వెయ్యాలి. తర్వాత వేద్దామంటే ఎవరూ వెయ్యరు, మన ప్రాజెక్టుల్లో "రెండో ఫేజు" లాగా. ఇంకోటి, రోడ్డుకి అడ్డంగా వేసే గరుకు పట్టీలు అంచు దాకా వెయ్యకుండా చివర అడుగున్నర వదిలితే వెన్నుపూసలు మిగులుతాయి. దానికి పైసా ఖర్చు లేదు, పెయింటు మిగులు కూడా.

తారు అంచు మీద ధాన్యం ఆరబోసే రైతు మీద మాత్రం నాకు కోపం రాలేదు. చీకటి పడ్డాక దాని చుట్టూ పెట్టే రాళ్ళు ప్రమాదమే, ఒప్పుకుంటాను. కానీ ఊళ్ళో కళ్ళాలు ఏవీ? ఆ అంచు మీద జాగా కోసం ధాన్యం, సైకిలు, పాడైన లారీ, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ పోటీ పడుతున్నారు. మిగతా ఏడు మీటర్లకీ పోటీయే లేదు.

అన్నట్టు, నేను ఒంటరిగా వెళ్ళానని గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఐదు రాత్రులూ ఏ లాడ్జిలోనూ "ఒక్కరేనా?" అని అనుమానంగా అడగలేదు. మా టీములో ఒకమ్మాయి నాకంటే బాగా తొక్కుతుంది, రెండొందల కిలోమీటర్ల బ్రెవేలు చేసింది. ఈ దారినే తను ఒంటరిగా వెళితే ఎన్నిచోట్ల గది దొరికేదో ఆలోచించండి. అది రోడ్ల ఇంజినీరు బాగుచేసే విషయం కాదు.

ఎవరైనా వెళ్దామనుకుంటే రెండు ముక్కలు. జనవరిలో అయితే ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్ళండి. ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంది, వేసవిలో ఇదే దారి ఎదురుగాలితో చంపుతుంది. ట్యూబులకి మోటారుసైకిలు రకం వాల్వు, అదే ష్రేడర్, ఉండేలా చూసుకోండి. సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే ఊళ్ళో పంక్చర్ షాపు కంప్రెసరు పట్టదు, అడాప్టరు జేబులో ఉండాలి. మచిలీపట్నం ముందు కృత్తివెన్ను వైపు చెరువుల మధ్య చాలాదూరం నీడ ఉండదు, నీళ్ళు నింపుకోండి.

వెళ్ళలేనివాళ్ళకి ఒక పని. ఈసారి ఊరెళ్ళినప్పుడు బడి టైముకి ఒక గంట మెయిన్ రోడ్డు మీద, మర్నాడు అదే టైముకి కాలవ గట్టు మీదో పుంత దారిలోనో కూర్చుని సైకిళ్ళు లెక్కపెట్టండి. ఊరి పేరు, తేదీ, రెండు అంకెలు రాసి నాకు పంపండి. పట్టిక నేను తయారుచేస్తాను. మొదటి వరసలో అమలాపురం అంకె ఇప్పటికే ఉంది.